మెట్లు మూసిన బావి

మొన్న మా మనవరాలు బొమ్మకు గౌను కుట్టి, మిగిలిన తెల్లదారాన్ని అగ్గిపుల్లకు చుట్టి పెట్టింది. చూడగానే లాక్కుని బయట పారేశాను. పిల్ల బిక్కమొహం వేసింది. సత్యవేడు పక్కన మా ఊళ్ళో ఒకప్పుడు మనిషి కాల్లోంచి వచ్చే పురుగును అలా చుట్టేవాళ్ళమని దానికేం తెలుసు!

నారికురుపు అనేవాళ్ళం. కురుపున్న కాలు దిగుడుబావి నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు నీళ్ళలో కలిసేవి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మళ్ళీ అదే రోగం. మెట్లు మూసేసి పైనుంచి చేదుకోమని ఆరోగ్య శాఖ మనిషి చెప్పి చెప్పి అలిసిపోయాడు. తూర్పు మెట్లు మా పైవీధివి, పడమటి మెట్లు కిందవీధివి. అందరూ దాయాదులే. గంగజాతరలో ఎవరి వేటపోతు ముందు తెగాలని ఎప్పుడో కొట్లాడుకుని మాటలు మానేశారు. ఆ వేటమాంసం తిన్నవాళ్ళంతా పోయారు గానీ తగువు మాత్రం దిట్టంగా ఉండింది. "ముందు వాళ్ళ మెట్లు మూయమను" అని రెండు వీధులవాళ్ళూ అన్నారు. వాళ్ళకు కుదిరిన మాట అదొక్కటే.

ఒక ఏడు మా చిన్నమ్మ కాలికి పురుగు కనబడింది. రోజూ పొద్దున కొంచెం కొంచెంగా అగ్గిపుల్లకు చుట్టేదాన్ని నేనే. నొప్పికి పళ్ళు కరుచుకుంటూనే, "పెండ్లికూతురికి జడేసినట్టు ఏస్తాండావే" అని నవ్వేది. ఒకరోజు నీళ్ళకని వెళ్ళి మెట్ల మీద జారింది. పురుగు లోపలే తెగింది. కాలంతా చీముపట్టి, జ్వరంతో కాలిపోయి చనిపోయింది. ఆ తగువు మీద నాకు ఇప్పటికీ కోపమే.

చావు ఏ వీధిదైనా దాయాదులందరికీ మైలే. పెద్దదినం, అంటే పెద్దకర్మ నాడు బావిలో దిగి మునిగితేనే అది తీరేది. అంతవరకూ ఏ ఇంట్లోనూ దేవుడికి దీపం లేదు, పెళ్ళి లేదు. ఆ రోజు మగవాళ్ళు గుండ్లు గీయించుకుని వచ్చేసరికి, చిన్నమ్మ అత్తగారు, అంటే మా అవ్వ, కిందవీధి మెట్లకు అడ్డంగా కూర్చుని ఉంది. మా మెట్లకు అడ్డంగా చిన్నాయనను కూర్చోబెట్టింది.

"ఈ నీళ్ళే కదప్పా నా కోడల్ని మింగింది! దీంట్లో మునిగితే మైల పోతాదా? ముందు మెట్లు మూయండి. ఆమీట నీళ్ళు పోసుకోండి."

కిందవీధిలో పెళ్ళి పెట్టుకున్న పెద్దాయన చివరికి కండువా నడుముకు బిగించాడు.

"మా మెట్లు మేమే మూస్తాం వదినా. రాళ్ళు యాడుండాయి?"

మెట్లు పూడ్చి, గోడ లేపి, గిలక బిగించేదాకా రెండు వీధులూ మైలలోనే ఉన్నాయి. అందరివీ గుండ్లే కాబట్టి, రాయి అందిస్తున్నది ఏ వీధివాడో వెనకనుంచి తెలిసేది కాదు. పని అయ్యాక, ఎవరు ముందన్న మాట పుట్టకముందే, అవ్వ మొదటి బిందె చేది ఆ పెద్దాయన నెత్తిన పోసింది. పోస్తూ భోరున ఏడ్చింది.

ఇప్పుడు అక్కడ ఇంటింటికీ కుళాయి. నారికురుపంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. కాలం ఆ రోగాన్ని తుడిచేసినందుకు సంతోషమే. దాంతోపాటే చిన్నమ్మనూ తుడిచేసింది.