కర్పూరం, రెండు ఓట్లు

మీకు రెండు ఓట్లుంటే, అవి ఎవరికి వేయాలో మీరే నిర్ణయించుకున్నారా, లేక మీ గుమ్మంలో ఎవరో వెలిగించిన కర్పూరం నిర్ణయించిందా?

పందొమ్మిది వందల నలభైల్లో, నరసరావుపేట అవతల మా ఊళ్లో, శిస్తు కట్టేవాళ్లకు ఓటుండేది. మా నియోజకవర్గానికి రెండు స్థానాలు కాబట్టి మనిషికి రెండు చీటీలిచ్చేవారు. అభ్యర్థికో రంగు పెట్టె. ఏ చీటీ ఏ పెట్టెలో వేసినా అడిగే హక్కు ఎవరికీ లేదు. అది చట్టం. ఊళ్లో నడిచేది వేరు. అభ్యర్థిగా నిలబడ్డ ఊరి పెద్ద పళ్లెంలో కర్పూరం వెలిగించి ఇల్లిల్లూ తిరిగాడు. రెండు ఓట్లూ ఆయన పార్టీకే అని చెప్పి, ఇంటివాళ్లు ఆ మంటను అరచేత్తో ఆర్పాలి. ఆర్పి మాట తప్పితే వంశం నిలవదని నమ్మకం. నాస్తికుణ్ణని నా ఇంటికి పళ్లెం రాలేదు.

ఎదురింట్లో ఉండే వితంతువును నేను పిన్నీ అనేవాణ్ణి. ఆమె ఒక ఓటు పెద్దకే వేస్తానంది. ఆమె పొలం గట్టు తగాదాలో ఆయన న్యాయంగా మాట్లాడాడు. రెండోది అవతలి పార్టీ మనిషికి వేయాలని ఆమె కోరిక. గడ్డి దొరకని ఏడాది అతను తాలూకా కచేరీ చుట్టూ తిరిగి అడవిలో మేతకు అనుమతి తెచ్చాడు. ఆమె గేదె బతికింది.

కర్పూరానికి చెవుల్లేవని, బలవంతపు ప్రమాణం ప్రమాణమే కాదని ఆమెకు గొంతు పోయేదాకా చెప్పాను. కుడితి కలుపుతూ అంతా వింది.

"నువ్వు చెప్పేది బాగానే ఉందిరా. నాకుండేది ఒక్క కొడుకు."

మర్నాడు పళ్లెం వచ్చింది. పిన్ని గడప దాటలేదు.

"మైలొచ్చింది మావయ్యా, కర్పూరం ముట్టకూడదు. మాచర్లలో మా జ్ఞాతి పోయాడు."

పక్కింటివాళ్లూ అదే చెప్పారు. ఆ పక్కవాళ్లూ అంతే.

"ఏందే, వీధంతటికీ ఒక్కసారే మైలొచ్చిందా?" అన్నాడు పెద్ద.

"ఒక్క ఇంటిపేరోళ్లం గదా మరి," అంది పిన్ని.

ఆయన చేతిలోనే కర్పూరం కాలిపోయింది. పోలింగు రోజున పిన్ని రెండు చీటీలూ రెండు పార్టీల పెట్టెల్లో వేసి, దారిలో నాకు చెప్పి వెళ్లింది.

నేను సంతోషించాల్సింది. అలసట తప్ప ఏమీ కలగలేదు. ఒక మూఢనమ్మకాన్ని ఇంకో మూఢనమ్మకం ఆపింది. నా వాదనకు అందులో వీసం పాలు లేదు. మాచర్లలో నిజంగా ఎవరైనా పోయారా అని నేను అడగలేదు. తన ఓటు తాను వేసుకోవడానికి మనిషి ప్రతి ఎన్నికకూ ఒక జ్ఞాతిని చంపుకోవాలా?

ఈసారి పళ్లెం మీ గుమ్మానికి వస్తే మైల సాకు చెప్పకండి. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, "ఆర్పను" అనండి.