నూట ఎనభై ఎనిమిది: ఒక తప్పు సమాధానం వెంట ఉద్దానం వెళ్ళొచ్చాను

ఉద్దానం వెళ్ళేవాళ్ళు సాధారణంగా సముద్రం చూడ్డానికి వెళ్తారు, వచ్చేటప్పుడు పలాసలో జీడిపప్పు కొనుక్కుంటారు. నేను మాత్రం ఒక తప్పు సమాధానం వెంట వెళ్ళాను. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడం నా ఉద్యోగం. నాతో కలిసి చదువుకున్న పద్మ వజ్రపుకొత్తూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో, హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ చుట్టుపక్కల బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు ఏపాటి వచ్చో కొలుస్తామని టెక్కలిలో ఒక ట్రస్టువాళ్ళు పరీక్ష పెట్టారు. ఇరవై ప్రశ్నలు. బాగా రాసిన తరగతులకు వేసవిలో టెక్కలిలోనే గణిత శిబిరం, ఉండటానికీ తినడానికీ ఖర్చు వాళ్ళదే. పద్మ తరగతిలో ముప్పై ఒక్కమంది పరీక్ష రాస్తే, ఒక ప్రశ్నకు ఇరవై ఏడుమంది ఒకే తప్పు సమాధానం రాశారు. నూట ఎనభై ఎనిమిది. రావాల్సింది రెండు వందలు. ఇంకేముంది, మూకుమ్మడిగా కాపీ కొట్టారని ముద్ర వేసేశారు. శనివారం మధ్యాహ్నం తరగతి తరఫున కొందరు పిల్లలు టెక్కలి వచ్చి తప్పు ఒప్పుకుంటే సరే, లేకపోతే తరగతి మొత్తాన్నీ శిబిరం నుంచి తీసేస్తామన్నారు. "మా పిల్లలు మొద్దులంటే పడతానే, దొంగలంటే పడను. నువ్వు రా," అంది పద్మ ఫోన్లో. నాకూ ఒళ్ళు మండింది. వస్తానన్నాను.

బయల్దేరే ముందు పద్మ పంపిన జవాబు పత్రాల ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. మీలో ఎవరైనా పిల్లల ప్రతిభను కొలవాలనుకుంటే దయచేసి సగటుతో ఆగిపోకండి. ఈ తరగతి సగటు ఇరవైకి పదకొండు పైచిలుకు. మార్కులన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడికి పన్నెండు. అందరికంటే తక్కువ నాలుగు, అందరికంటే ఎక్కువ పద్దెనిమిది. పక్కవాడి పేపరు చూసి రాసే తరగతిలో మార్కులు ఇంత చెల్లాచెదురుగా ఉండవు, ఒకచోట గుంపు కడతాయి. తర్వాత ప్రశ్నప్రశ్నకూ తప్పు సమాధానాలు విడదీశాను. మిగతా పంతొమ్మిదింటిలో ఎవరి తప్పు వాళ్ళదే, ఒకే ప్రశ్నకు తొమ్మిది రకాల తప్పులు కూడా ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. కాపీ కొట్టేవాళ్ళు ఒక్క ప్రశ్నకే కొట్టి ఊరుకుంటారా? ఎక్కడ వెతకాలో అంకెలు చెప్పాయి. ఎందుకో మాత్రం చెప్పలేదు. దానికి రైలెక్కక తప్పలేదు.

విశాఖ నుంచి పొద్దున్నే ఇచ్ఛాపురం, బరంపురం వైపు పోయే రైళ్ళు ఉంటాయి. జనరల్ టిక్కెట్టు వంద లోపే, మూడున్నర నాలుగు గంటల ప్రయాణం. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే తెల్లారడం కనిపిస్తుంది, ఎడమవైపు దొరికితే కొండలు. పలాసలో దిగి కాశీబుగ్గ నడిచి, బజార్లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. రోడ్డు పక్క జీడిపిక్కలు కాల్చే వాసన ఆ ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా వదలదు, మొదట్లో కాస్త దగ్గు వస్తుంది. అక్కడి నుంచి ఊళ్ళ వైపు షేర్ ఆటోలు మనిషికి ముప్పై నలభై రూపాయలకు దొరుకుతాయి. నిండేదాకా కదలవు కాబట్టి ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి.

"ఏటమ్మా, అక్కుపల్లి బీచికేనా? శనారం కదా, జనం బాగా వత్తన్నారు," అన్నాడు డ్రైవరు.

హైస్కూలుకని, లెక్కల పరీక్ష విషయమని చెప్పాను. ఆయన అద్దంలోంచి నా మొహం చూశాడు.

"ఆ కాపీ గొడవకా? మా అన్న కూతురు డిల్లీశ్వరి అందులోనే ఉంది. దానికి నోరెక్కువ గానీ, దొంగబుద్ధి నేదు తల్లీ. ఇంటికాడ మూడ్రోజులై అన్నం సరిగ్గా తిన్నేదు. బళ్ళోకి ఎల్తే మిగతా తరగతోలు కాపీగాళ్ళని ఏడిపిత్తన్నారంట."

ఆ మాట విన్నాక బయటికి చూస్తున్నా మనసు అక్కడ లేదు. రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి, జీడి, మధ్యమధ్య పనస. ఒక తోట పక్కన ఆటో ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగింది. కొబ్బరికాయల రాశి ముందు ఇద్దరు మనుషులు గొంతెత్తి లెక్కపెడుతూ కాయలు పక్క రాశిలోకి విసురుతున్నారు. వంద పూర్తయ్యాక లెక్క ఆపి, మాట్లాడకుండా ఇంకో నాలుగు కాయలు అదే రాశిలోకి తోశారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. నా తలనిండా సగటులూ తేడాలూ ఉన్నాయి మరి.

బడి చేరేసరికి తొమ్మిదో తరగతి మొత్తం ఒకే గదిలో కూర్చుని ఉంది. పిల్లలు నన్ను చూసిన చూపు బాగా గుర్తుంది. ఇంకొకరు వచ్చారు నేరం రుజువు చెయ్యడానికి, అన్నట్టు ఉంది. పద్మ నన్ను పరిచయం చేసింది. నేనేమీ ఉపన్యాసం ఇవ్వకుండా ఆ ప్రశ్నే బోర్డు మీద రాశాను. ఒక రైతు వెయ్యి కొబ్బరికాయలు దింపాడు. ఆరు వందలు వ్యాపారికి అమ్మాడు. మిగిలినవాటిలో సగం తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడికి వచ్చినవి ఎన్ని?

"ఇది ఎలా చేశారో ఎవరైనా చెప్తారా?" అన్నాను.

మూడో బెంచీలో సన్నగా పొడుగ్గా ఉన్న అమ్మాయి లేచింది. ఆటో ఆయన చెప్పిన నోరెక్కువ పిల్ల ఈమేనని చూడగానే తెలిసిపోయింది. "ఇన్నాళ్ళకి అడిగినారు మేడమ్. ఎలా సేసినారని మమ్మల్ని ఎవులూ అడగనేదు. వెయ్యి కాయలు దింపినారు. ఆరొందలు అమ్మినారు. వందకి నాలుగు కొసరు. ఆరొందలకీ ఇరవై నాలుగు. మరి వెయ్యిలోంచి ఆరొందల ఇరవై నాలుగు పోతే ఎంత?"

"మూడు వందల డెబ్భై ఆరు," అన్నాను.

"అందులో సగం?"

నా నోటితోనే నూట ఎనభై ఎనిమిది అనిపించింది ఆ పిల్ల. తరగతి మొదటిసారి నవ్వింది. పొద్దున తోట పక్కన పక్క రాశిలోకి తోసిన నాలుగు కాయలు అప్పుడు కళ్ళముందుకొచ్చాయి. ఆ ఊళ్ళో కాయలు అమ్మితే వందకి నాలుగు కాయలు వ్యాపారికి ఉచితంగా కొసరు వెయ్యాల్సిందే. ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు, లెక్కలో చెప్పుకోరు, వేస్తారంతే. తోటలో పుట్టి పెరిగిన పిల్లకి కొసరు వెయ్యకుండా కాయలు అమ్మిన రైతు కథ అసలు నమ్మబుద్ధే కాదు. పక్క జిల్లా నుంచి వచ్చిన పద్మకు కూడా ఇది తెలియదు. కాపీ కొట్టారా అనే అడిగింది గానీ ఎలా చేశారని తనూ అడగలేదట, తల పట్టుకుంది.

"మరి రెండు వందలు రాసిన నలుగురు ఎవరు?" అని అడిగాను. నాలుగు చేతులు లేచాయి. అందులో తాతారావు అనే కుర్రాడిది సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల వీధి. "మాకు తోటల్నేవు మేడమ్. మాది వల. కాయలు కొనుక్కోవడమే గానీ అమ్మడం మాకేటి తెల్సు?" అన్నాడు. మిగతా ముగ్గురిదీ అదే వీధి. పరీక్ష రోజు ఎవరెక్కడ కూర్చున్నారో పద్మ బోర్డు మీద గీసింది. తాతారావుకి అటు డిల్లీశ్వరి, ఇటు ఇంకో తోట పిల్లవాడు. రెండు నూట ఎనభై ఎనిమిదిల మధ్య కూర్చుని రెండు వందలు రాశాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నాకు ఆనందంతో పాటు కోపం కూడా వచ్చింది. ముప్పై ఒక్కమంది పిల్లల్ని దొంగలనే ముందు ఒక్కరిని పిలిచి ఎలా చేశావని అడిగే తీరిక వాళ్ళకు లేకపోయింది.

టెక్కలికి ఆరుగురు పిల్లలు బయల్దేరారు, డిల్లీశ్వరి, తాతారావు అందులో ఉన్నారు. బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ గేటు దగ్గర మమ్మల్ని ఆపేసింది. "తినీసి ఎల్లండి. కాళీ కడుపుతో పోట్లాటకి ఎవులైనా ఎల్తారేటి?" అని వేడన్నం, సాంబారు, కోడిగుడ్డు పెట్టించింది. తిరిగి కాశీబుగ్గ వచ్చి, అక్కడ టెక్కలి బస్సెక్కాం. హైవే మీద గంట లోపు ప్రయాణం, బస్సులు తరచుగా ఉంటాయి. దారిలో పద్మ పిల్లలతో మెల్లగా అంది, "అక్కడ మళ్ళీ ఇలాంటి లెక్క ఇస్తే పుస్తకం లెక్కే చెయ్యండర్రా. గొడవ తేలిపోతుంది." డిల్లీశ్వరి ఒప్పుకోలేదు. "ఆ రోజు కొసరేసి, నేడు కొసరెయ్యకపోతే అప్పుడు కదా టీచర్ దొంగలమైపోతాం," అంది. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది, బస్సులో నిలబడ్డానికే చోటు లేదు.

ట్రస్టు ఆఫీసులో పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టారు. నేను మార్కుల విస్తరణ చూపించాను, తప్పుల పట్టిక చూపించాను, కూర్చున్న వరసలు గీసి చూపించాను. ఆయన అంతా విని, "మీరు పిల్లల తరఫున వచ్చారు, అలాగే మాట్లాడతారు. ఈ కొసరు కథ తర్వాత అల్లుకున్నది కాదని నమ్మకం ఏమిటి? ఒక్కరు ఒప్పుకున్నా మిగతావాళ్ళని వదిలేస్తాను," అన్నారు. నా అంకెలన్నీ బల్ల మీద పడి ఉన్నాయి, ఆయన వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

డిల్లీశ్వరి ముందుకొచ్చింది. "సార్, మీకిట్టమొచ్చిన అంకెలెట్టి ఇంకో కొబ్బరికాయల లెక్క ఇవ్వండి. మమ్మల్ని ఇడివిడిగా కూసోబెట్టండి."

ఆయనకు ఈ మాట నచ్చింది. అప్పటికప్పుడు లెక్క కల్పించారు. రెండు వేల ఐదు వందల కాయలు దింపారు, పదిహేను వందలు అమ్మారు, మిగిలినవాటిలో సగం ఎన్ని? పిల్లల్ని వరండాలో, మెట్ల మీద, వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఆయనే కాగితాలు వసూలు చేశారు. అయిదుగురు నాలుగు వందల డెబ్భై రాశారు. తాతారావు అయిదు వందలు రాశాడు. పుస్తకం ప్రకారం అయిదు వందలే రాయాలని వాళ్ళకి తెలుసు. తెలిసి కూడా అరవై కాయలు కొసరేశారు.

పెద్దాయన కాగితాలు రెండుసార్లు తిరగేశారు. తాతారావుని పిలిచి, "నువ్వెందుకు వాళ్ళలాగా రాయలేదు?" అన్నారు.

"నానెందుకు రాత్తాను సార్? నా లెక్క నాది," అన్నాడు వాడు.

ఆయన కాపీ మాట కొట్టేస్తున్నానని, తరగతి శిబిరానికి రావచ్చని చెప్పారు. పద్మ కళ్ళు తుడుచుకుంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆయన వేలెత్తి, "కానీ సమాధానం మాత్రం తప్పే. ప్రశ్నలో కొసరు లేదు. ఆ ఒక్క మార్కు మీ ఇరవై ఏడుమందిలో ఎవరికీ ఇవ్వను," అన్నారు.

డిల్లీశ్వరి చున్నీ సర్దుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఒద్దు సార్. ఇరవై ఏడు మార్కులు మీకాడే ఉంచీసుకోండి. కొసరనుకోండి," అని బయటికి నడిచింది.

టెక్కలి కాంప్లెక్సు నుంచి శ్రీకాకుళం బస్సులు సాయంత్రం బాగానే ఉంటాయి, శ్రీకాకుళంలో మారితే విశాఖకి నిద్రవేళకు చేరుకోవచ్చు. దారంతా నేను ఆ పిల్ల మాటే తల్చుకుని నవ్వుకున్నాను, ఒకటి రెండుసార్లు కళ్ళు చెమర్చాయి కూడా. ఇన్నేళ్ళుగా సగటు, మధ్యగతం, విచలనం అని పాఠాలు చెబుతున్నాను. అవి అబద్ధం కావు, ఆ రోజు ఆ పిల్లలకు కాస్తో కూస్తో అండగా నిలబడింది అవే. కానీ ఒక తరగతి మొత్తం ఒకే తప్పు చేసిందంటే పిల్లల మీద అనుమానపడే ముందు ప్రశ్న మీద అనుమానపడాలని నాకు ఉద్దానంలోనే అర్థమైంది. ప్రశ్న రాసినవాళ్ళు కొబ్బరితోటలో ఒక్కపూట నిలబడి ఉంటే ఆ పిల్లలు కాపీగాళ్ళనిపించుకునేవాళ్ళు కాదు. మళ్ళీ ఎవరైనా ఆ బడి పిల్లలకు లెక్కలు రావని అంటే, ఈసారి నన్ను పిలవక్కర్లేదు, నేనే వస్తాను.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. తోటల దగ్గర కొబ్బరికాయలు చవగ్గా దొరుకుతాయి, కొనుక్కోండి. వందకి బేరమాడితే మాత్రం నూట నాలుగు పట్టే సంచి తీసుకెళ్ళండి.