బదలు కలుపు

వయ్యారిభామ అని ఆ కలుపుమొక్కకు పేరు పెట్టినవాడెవడో గానీ, ఒక్కనాడూ దాన్ని చేత్తో పీకి ఉండడు. ముట్టుకుంటే దురద, పూత వాసన తగిలితే తుమ్ములు. గజ్వేల్ దగ్గరి కాలనీలో ఎల్లవ్వ ఇంటి వెనక జాగ నిండా అదే, నడుమెత్తున. వేములఘాట్ మల్లన్నసాగర్ జలాశయం పాలై, ఊరు ఊరంతా ఈ కాలనీకి వచ్చాక ఎల్లవ్వ ఆ జాగ వైపు కన్నెత్తి చూడలేదు. పొద్దంతా అరుగు మీద కూర్చుంటుంది. అడిగితే ఊ అంటుంది, అడగకపోతే అదీ లేదు.

అది చూడలేకపోయిన మనిషి గులాబ్‌బీ. రెండిళ్ల అవతల ఉంటుంది. వేములఘాట్‌లో వీళ్లిద్దరి చేలకూ గట్టు ఒకటే. కలుపు తీయడానికి కూలీలను పిలిచే అలవాటు వీళ్లకు లేదు. ఇవాళ నీ చేను, రేపు నా చేను. దాన్నే బదలు అంటారు. కాపురానికి వచ్చిన ఏటి నుంచీ పక్కపక్క సాళ్లలో వంగి కలుపు తీసినవాళ్లు. ఎల్లవ్వ నోరు మూతపడదని గులాబ్‌బీ విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు ఆమె మాట కోసమే మొహం వాచిపోయింది.

వానలకు కలుపు ఇంకా ఏపుగా పెరిగింది. అందులో పాము కనబడేసరికి ఎల్లవ్వ కోడలు దేవిక హడలిపోయింది.

"సోమవారం మేస్త్రి వస్తుండు చిన్నత్తా. మొత్తం సిమెంటు పోపిస్తున్నం. పిల్లలు తిరిగే జాగ, పీడ పోతది" అంది గులాబ్‌బీతో.

దేవికను తప్పుపట్టలేం. కానీ గులాబ్‌బీ ఆలోచన వేరు. ఎల్లవ్వకు మిగిలిన మట్టి ఆ కాస్తే. అదీ సిమెంటు కిందికి పోతే ఆ మనిషి ఇక అరుగు దిగదు.

"ఒక్క ఐతారం నాకియ్యి బిడ్డా. జాగ సాపు జేసి నీ చేతుల పెడ్త. తర్వాత నీ ఇష్టం."

ఆదివారం పొద్దున్నే చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని, కొడవలి పట్టుకుని బయలుదేరింది. భర్త అమీనుద్దీన్ చాయ్ తాగుతూ చూశాడు.

"మంది జాగల నీకేం పనే?"

"పని గాదు, బదలు."

"ఎల్లవ్వ బదలు దీర్సనీకె మనకు చేనేడున్నది? ఇంటి సుట్టు బండలేగద."

గులాబ్‌బీ అప్పటికే వాకిలి దాటింది.

ఇక ఆమె పని చూడాలి. పూత ఉన్న తలలను ముందే కోసి సంచిలో కుక్కింది, విత్తు రాలకుండా. తర్వాత ఒక్కొక్క మొక్కనూ మొదట్లో పట్టి, మెలితిప్పి, వేరుతో సహా లాగింది. కొడవలితో పైపైన కోసేస్తే తొందరగా తెమిలేది, కానీ అలాంటి పని ఆమె చేతికి రాదు. మధ్యాహ్నానికి సగం జాగలో మట్టి కనబడింది. అంత మొండిమనిషి కాలనీ మొత్తంలో లేదు. ఎల్లవ్వ అరుగు మీంచి లేచి వచ్చి వెనక గడపలో కూర్చుంది.

వయ్యారిభామ మధ్యలో గునుగు మొక్కలు నాలుగైదు బయటపడ్డాయి, అప్పుడే మొగ్గ తొడిగి. బతుకమ్మను పేర్చే పువ్వు. చేలో కలుపు తీసేటప్పుడు గట్టున గునుగు కనబడితే ఆ ఊరి ఆడవాళ్లు వదిలేసేవాళ్లు. గులాబ్‌బీ ఏనాడూ ముట్టలేదు. పైగా ప్రతి ఏడూ ఎల్లవ్వ కోసం గంపెడు కోసుకొచ్చేది.

ఇప్పుడు ఆమె గడప వైపు ఒకసారి చూసి, ఒక గునుగు మొక్కను పీకి కుప్ప మీద పడేసింది. రెండోదాని మీద చెయ్యి వేసింది.

"కండ్లు పోయినయా గులాబ్బీ? గది గునుగు."

గులాబ్‌బీ తల ఎత్తలేదు. "అయితేంది, గిది గూడ కలుపేగద."

ఎల్లవ్వ గడప దిగింది. కుప్ప మీది మొక్కను తీసుకుని, వేళ్లతో మట్టి తవ్వి మళ్లీ నాటింది.

"ఇన్నేండ్లు నా పక్కపొంటి కలుపు దీసినవ్. గునుగేదో కలుపేదో ఇంక నేను జెప్పాలెనా? జరుగు. గీడికెల్లి నాది, ఇటు రాకు."

తిడుతూనే కొంగు నడుముకు దోపి వంగింది. సాయంత్రం దాకా ఆ నోరు ఆగలేదు. గులాబ్‌బీ తిట్లన్నీ తింటూ, ముక్కుకు కట్టిన కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. దేవిక చూసి, వయ్యారిభామ దురద అనుకుంది.

సోమవారం మేస్త్రి వచ్చేసరికి ఎల్లవ్వ ఇంట్లో లేదు. సాపుగా ఉన్న జాగనూ, నడుమ నిలబడ్డ గునుగునూ చూసి దేవిక అతన్ని వెనక్కి పంపేసింది.

ఎల్లవ్వ అప్పటికే కొడవలి పట్టుకుని గులాబ్‌బీ ఇంటి ముందు నిలబడి ఉంది. చుట్టూ చూసింది. గోడ నుంచి గోడ దాకా పరిచిన బండలే, పీకడానికి గడ్డిపోచ లేదు.

"అమీనన్నా, గడ్డపార దే" అంది. "రెండు బండలు లేపు. నా బదలు నేను దీర్సుకోవాలె."