ఒంటరి కొండ

మా తాత రాజమౌళి గద్వాలలో నేతగాడు. ఆయన నేసిన చీరలు దేశమంతా తిరిగాయి, ఆయన మాత్రం మగ్గం గుంటలోంచి లేవలేదు. ఇన్నేళ్లూ చీరల వ్యాపారి అనంతయ్య సేటు ఇచ్చిన నమూనాలే నేశాడు. చచ్చేలోగా ఒక్క చీరైనా తన ఇష్టప్రకారం నెయ్యాలని పిచ్చి.

ఆ పిచ్చిని రేపింది నేనే. ఇంటర్ మధ్యలో వదిలేసి ఫోన్ చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరో పాతకాలపు విదేశీ చిత్రకారుడి బొమ్మ కనబడితే తాతకు చూపించాను. ఎడమ పక్కన నీలం కొండ, దాని కింద ఎటు పడితే అటు వాలిన పసుప్పచ్చ పూలు. రంగంతా ముద్దలు ముద్దలుగా ఉంది.

"ఏందే ఇది? మన ధరూర్ తొవ్వల పొద్దుతిరుగుడు చేను లెక్కనే ఉంది. దీన్ని కొంగు మీదికి దింపుత" అన్నాడు.

ఈ సంగతి చెబితే సేటు నవ్వాడు. "మూరెడు నేసి చూపియ్యి. బాగుంటె చీరంత నీ ఇష్టం. లేకుంటె మల్ల నా నమూనాలే."

మగ్గం మీద ఎడమ పక్కన కొండ బాగానే లేచింది. కాసేపటికి కుడి పక్కన ఇంకో కొండ లేచింది.

"తాతా, బొమ్మల ఉన్నది ఒక్కటే కొండ."

"తెల్సు లేవే."

విప్పాడు. నేశాడు. మళ్లీ రెండు కొండలు. ఎడమ అంచుకు కుడి అంచు సరితూగేలా బతుకంతా నేసిన చెయ్యి అది. పూలేమో బడి ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా వరుస కట్టాయి. కంచంలో కూర ఒక పక్క, పచ్చడి ఒక పక్క సమంగా పెట్టుకునే మనిషికి వంకర ఎక్కణ్ణుంచి వస్తుంది?

అవతల కూర్చుని అంచు పోగు నడిపే నాడె అందించే నాయనమ్మ రాధమ్మ ఊరుకుంటుందా? "ఏమయ్యో, ఆ కొండకు పెండ్లి చెయ్యకుంటె నిద్ర పట్టదా నీకు?"

"నోరు మూసుకొని నాడె ఇయ్యి."

ఆ రోజు అన్నం ముట్టలేదు. రంగు దారం చుట్టిన కండెలు విసిరికొట్టాడు, తిరిగి తనే ఏరుకున్నాడు.

సేటు ఇంటికొచ్చి మగ్గం మీదికి వంగి చూశాడు. మొహం వెలిగిపోయింది. "శానా బాగుంది రాజమౌళి! రెండు దిక్కుల గోపురాల లెక్క కోటకొమ్మలు, నడుమ పూలు. కొత్త అంచు పుట్టించినవ్."

"అంచు కాదు సేటు, చేను. గది కొండ."

"ఏ కొండ? రెండున్నయ్ గద."

"మరి చీరంత నా ఇష్టమంటివి?"

"అవ్, ఈ అంచేసి నీకిష్టమైన రంగు కొట్టు" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

బాగాలేదని తిట్టినా తాత ఇంత కుమిలేవాడు కాదు. పొద్దుగూకేదాకా గుంటలోనే కూర్చుని, సేటు మెచ్చిన మూరెడూ పోగు పోగు విప్పేశాడు.

"సేటు అడిగితే ఏం చెప్తవ్?" అన్నాను.

విప్పిన నీలం పోగును తిరిగి కండెకు చుట్టుకున్నాడు.

తెల్లారి మళ్లీ మొదలుపెట్టాడు. ఎడమ కొండ లేచింది. కుడిచెయ్యి నీలం కండె పట్టుకుని అవతలి పక్కకు బయల్దేరింది.

"శిల్పా, జర ఈ చెయ్యి పట్టుకో. అటు పోనియ్యకు."

రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. అది ఇంకా అటే గుంజుతోంది.