నా ఫిల్టర్ కూడా నాగరత్నం మాటే విన్నది

నిన్న పొద్దున గిద్దలూరు నుంచి ఫోన్. నా తోడికోడలు నాగరత్నం కొడుకు.

"పెద్దమ్మా, అమ్మ పోయింది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. అట్లనే గోడకు ఆనుకొని కళ్ళు మూసింది."

ఫోన్ పక్కన పెట్టాను.

అబద్ధం ఎందుకు చెప్పాలి? ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు వచ్చింది.

అంత సులువైన చావు కూడా దానికేనా?

నాకు తొంభై అయిదు. తనకు తొంభై మూడు. నేను చెప్తుంటే ఫోన్ టైప్ చేసుకుంటోంది. తప్పులుంటే సర్దుకోండి.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. మా తర్లుపాడు వైపంతా అప్పుడు కర్నూలు జిల్లా. నేను పెద్దకోడలిని. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ సద్దన్నం, మజ్జిగ పెట్టేదాన్ని. నా చేతి మజ్జిగ అంటే మా మామకు ప్రాణం.

ఆ తర్వాత నాగరత్నం కాపురానికి వచ్చింది.

వాళ్ళ నాయన నంద్యాలలో రైల్వే గార్డు. సారెలో చీరలతో పాటు ఒక చిన్న ఇత్తడి ఫిల్టర్, కాఫీ గింజలు పొడి చేసే చేతి మర తెచ్చుకుంది.

నెల తిరక్కముందే మా మామ మజ్జిగ మానేశాడు.

ఆఖరికి నా మొగుడు కూడా! పొద్దున్నే పెరట్లో మొహం కడుక్కుంటూ, "అమ్మాయ్, కాఫీ అయిందా?" అని దాన్ని అడిగేవాడు. నన్ను కాదు.

ఒకరోజు నేను పట్టుబట్టాను. "నాకు గూడా ఫిల్టర్ కావాల. ఇప్పుడే పోదాం పా."

మార్కాపురంలో ఇత్తడి సామాన్ల దుకాణానికి బండి కట్టించుకుని పోయాము. దుకాణం ఆయన నాలుగైదు రకాలు ముందు పెట్టి, "ఎట్లాంటిది కావాలమ్మా?" అన్నాడు.

"మా చెల్లెలి దానికంటే పెద్దది."

మా ఆయన తల పక్కకు తిప్పుకుని నవ్వాడు.

రంధ్రాలు ఎట్లా ఉన్నాయో చూడలేదు. పై గిన్నె కింది గిన్నెలో బిగువుగా కూర్చుందో లేదో చూడలేదు. ఎత్తు చూశాను, మెరుపు చూశాను, మూత మీద బుడిపె చూశాను. తెచ్చేసుకున్నాను.

ఆ వారంలోనే మా ఆడబిడ్డకు పెళ్ళిచూపులు. దర్శి నుంచి మగపెళ్ళివాళ్ళు వచ్చారు. మా ఇంట్లో కాఫీ బాగుంటుందన్న మాట వాళ్ళ దాకా పోయింది మరి.

"ఈపొద్దు నేనే చేస్తా" అన్నాను.

దాని కాఫీని మించిపోవాలని, గింజలు రోట్లో వేసి సున్నిపిండిలా మెత్తగా దంచాను. పై గిన్నె నిండా పొడి కూరి, గట్టిగా అదిమి, మరిగే నీళ్ళు పోశాను.

ఒక్క చుక్క దిగలేదు.

మూత తీసి చూశాను. నీళ్ళు పైనే నిలబడి ఉన్నాయి. తట్టాను. కదిలించాను. ఊహూఁ.

మా అత్త వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "ఏందమ్మే ఇది? పాలు గూడా చల్లారిపాయె. వాళ్ళు లేచిపోయేదాకా చూస్తావా?" అంది.

నా కళ్ళలో నీళ్ళు. ఇప్పుడు నాగరత్నం తన ఫిల్టర్ తెస్తుంది, నా పరువు పోతుంది అనుకున్నాను.

తను వచ్చింది. తన ఫిల్టర్ వైపు చూడను కూడా చూడలేదు. నాదే చేతిలోకి తీసుకుంది.

"ఫిల్టర్ మంచిదే అక్కా. పొడి మరీ మెత్తనయిపోయింది. రవ్వ మాదిరి ఉండాల."

అంతా పారబోసి, కడిగి, తన మరలో పట్టిన పొడి వేసింది. అదమలేదు. పైపైన సర్ది, చుట్టూ తిప్పుతూ నీళ్ళు పోసింది.

టప్. టప్. టప్.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

గ్లాసులు నా చేతికే ఇచ్చి పంపింది. పెళ్ళికొడుకు తాత ఒక గుక్క తాగి, "ఎవురు చేసినారమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే తలుపు వెనక నుంచి దాని గొంతు. "మా అక్క. ఫిల్టర్ గూడా అక్కే మార్కాపురంలో ఏరి తెచ్చుకొనింది."

సంబంధం కుదిరింది. నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజంతా నేను మండిపోయాను.

నేను డబ్బు పెట్టించి కొన్న ఫిల్టర్ కూడా దాని మాటే విన్నది. పైగా ఆ మంచితనం ఒకటి! ఒక్క దెప్పుమాట అని ఉంటే, హాయిగా పోట్లాడి కడుపుమంట చల్లార్చుకునేదాన్ని.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు అత్త ఎవరి దగ్గర ఉండాలనే మాట వచ్చింది. పెద్దకోడలిని, నా దగ్గరే అనుకున్నాను.

మా అత్త మొహమాటం లేకుండా చెప్పేసింది. "నీ మీద కోపమేం లేదమ్మే. పొద్దున్నే దాని కాఫీ గొంతులో పడకపోతే నాకు కాలు కదలదు."

మూట కట్టుకుని నాగరత్నం వెంట గిద్దలూరు పోయింది.

పోయినేడాది నా మనవరాలు హైదరాబాదులో కొత్త ఇంట్లో చేరింది. ఏ ఫిల్టర్ కొనాలి, గింజల పొడికి మిక్సీ సరిపోతుందా, గ్రైండర్ వేరేగా కావాలా అని డౌట్లు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

"నువ్వుండు నానమ్మా, చిన్న నానమ్మకు వీడియో కాల్ చేస్తా."

అరగంట మాట్లాడుకున్నారు. నేను టీవీ సౌండ్ పెంచాను.

నిన్న గిద్దలూరు పోయి చూసి వచ్చాను. మొహం ప్రశాంతంగా ఉంది. ఊరు ఊరంతా వచ్చింది. ఎవరి నోట విన్నా దాని మంచే. నా వంతు వస్తే ఇంతమంది రారు, నాకు తెలుసు.

పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆగలేదు.

ఈ పొద్దు నా కాఫీ చక్కగా కుదిరింది. ఎవరి దానికంటే బాగుందని చెప్పుకోను?

పోయిరా చెల్లీ. నీకు అక్కడ ఏ అలసటా లేకుండా ఉండాలి. నీ మనసు చల్లగా ఉండాలి.