మూడు చుట్లు తిరిగి బిగిసిన బోల్టు

ఈమధ్య ఒక పెళ్ళిలో, నా పక్క ఆకు ముందు కూర్చున్నాయన తన కొత్త కారు గురించి ఊదరగొట్టాడు. జపాన్ కంపెనీది. ఆ పేరు ఇప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు, నేను వేరే చెప్పక్కర్లేదు. "ఆ బండిని కళ్ళు మూసుకుని కొనొచ్చండీ. పదేళ్ళయినా ఒక్క బోల్టు వదులవదు" అన్నాడు. బోల్టు అనే మాట వినగానే చేతిలో ముద్ద ఆకులోనే వదిలేశాను. పాయసం వడ్డించకముందే లేచి చెయ్యి కడుక్కున్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదు.

నయాపైసలు వచ్చిన కొత్తలో, యాభై ఏడు నాటి సంగతి ఇది. మద్రాసు జార్జి టౌన్‌లో, హార్బరుకు దగ్గర సందులో, మా మామ కార్ల షెడ్డు నడిపేవాడు. ఆయన కూతుర్ని చేసుకుని ఆ షెడ్డులోనే ఫిట్టరుగా కుదిరాను. అల్లుడినని అక్కడ నాకేమీ మర్యాదలు జరగలేదు. తిట్లలో మాత్రం పెద్ద వాటా నాదే. మామకు షెడ్డులో ఒకే ఒక్క చట్టం ఉండేది: బోల్టు ఏదైనా ముందు వేళ్ళతో చివరిదాకా తిప్పాలి, స్పానరు ఆఖరి బిగింపుకే. నాకేమో అది ముసలాయన చాదస్తంగా కనిపించేది. ఇరవయ్యారేళ్ళ వయసు, చేతిలో పని, నెత్తిన కావలసినంత పొగరు.

ఆ రోజుల్లో జపాన్ సరుకు అంటే తిట్టుతో సమానం. రేకు బొమ్మ కీ మర్నాడే విరిగితే జపాన్, గొడుగు గాలికి తిరగబడితే జపాన్. దానికి తోడు యుద్ధం నాటి గుర్తులు. జపాన్ వాడు బాంబులేస్తాడని ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకున్నప్పుడు, మామ కూడా పెళ్ళాం బిడ్డల్ని బండెక్కించి చిత్తూరు వైపు పరుగెత్తాడు. అలాంటి ఊళ్ళోకి ఒక నల్లని జపాన్ కారు ఓడ దిగి వచ్చింది.

అది మిల్లు యంత్రాలు అమ్మే ఒక జపానాయనది. ఆ కారుకు డ్రైవరు మా బావమరిది, అంటే మామకు ఉన్న ఒక్కగానొక్క కొడుకు. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. కారు మొదటిసారి షెడ్డుకొచ్చిన రోజున చుట్టుపక్కల వాళ్ళంతా చేరి, తలుపు తట్టి చూసి నవ్వారు. "పప్పు డబ్బా రేకు గదరా ఇది!" అన్నారు. జపానాయన కూడా వాళ్ళతో కలిసి నవ్వి, తన ముక్కల ఇంగ్లీషులో ఆ కంపెనీ కథ చెప్పాడు. వాళ్ళు మొదట మగ్గాలు చేసేవాళ్ళట. నూలు పోగు ఒక్కటి తెగినా తనంత తానే ఆగిపోయే మగ్గం చేశారట. కార్లలోకి ఆ తర్వాతే దిగారట.

మామ నేతగాళ్ళ ఇంట పుట్టినవాడు. నేను తెలుగులో చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. "పోగు తెగితే ఆగే మగ్గమా? వాణ్ణి తక్కువగా అనుకోబాకు. తెగిన పోగు మింద నేసుకుంటా పొయ్యేవోళ్ళనే సూసినా నేను, మా ఇంట్లో కూడా" అన్నాడు. మేమెవరమూ ఆ మాట పట్టించుకోలేదు.

ఆ ఏడు ఆయుధపూజ ముందు, స్టీరింగ్ పెట్టెలో నూనె కారుతోందని ఆ కారు షెడ్డుకు వచ్చింది. పెట్టెను విప్పి నూనె సీలు మార్చాను. దాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే మూడు బోల్టులను కిరసనాయిలు గిన్నెలో పడేసి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పూజ ఏర్పాట్లు అయిపోయాయి. స్పానర్లు, సుత్తెలు, జాకీ, అన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి పీట మీద పరిచారు. ఇనుప ముక్క కనబడితే చాలు, మామ దానికి బొట్టు పెట్టకుండా వదలడు. ఆ మూడు బోల్టులూ, కారుతోపాటు వచ్చిన పనిముట్ల సంచీ కూడా పీటెక్కేశాయి. పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాడు విజయదశమి హారతి అయ్యేదాకా ముట్టుకోకూడదు. మా షెడ్డులో దానికి తిరుగులేదు.

బొరుగులు, శనగలు పంచి మామ గుడికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే బావమరిది ఇటు వచ్చాడు.

"బావా, బండి ఇప్పుడే కావాల. రేపు పొద్దన్నే దొర పెండ్లాన్ని పిలుచుకోని మహాబలిపురం పోవాలంట. మాటిచ్చేసినా."

"పూజలో ఉండాయిరా సామాన్లు."

"మూడు బోల్టులే గదా బావా! నీ చేతికి అదొక పనా?"

ఆ చివరి మాటకు పడిపోయాను. పక్క కొట్టు లేతు పనాయన క్రైస్తవుడు, ఆయనకు ఆయుధపూజ లేదు. స్పానరు ఆయన దగ్గరే అడిగాను. ఆయన డబ్బాలోనే వెతికి అదే లావు, అదే పొడవు ఉన్న మూడు బోల్టులు ఏరుకున్నాను. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నా కంటికి ఆనలేదు. మొదటిదాన్ని వేళ్ళతో తిప్పితే మూడు చుట్లు వెన్నలా పోయింది, తర్వాత బిగిసింది. బిగిసిందంటే గట్టిగా పట్టిందన్నమాట అనుకున్నాను. స్పానరు వేసి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. చిన్నగా కిర్రుమంది. మూడూ అలాగే లాగాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా బండి పోనిచ్చి, బోల్టులు ఎక్కడివో చెప్పకుండా బావమరిదిని సాగనంపాను.

మర్నాడు పొద్దున హారతి అయ్యాక మామ ఒక్కొక్క ఆయుధాన్నీ కళ్ళకద్దుకుని తీస్తున్నాడు. ఆ మూడు బోల్టులు చేతికి వచ్చాయి.

"ఇవి జపాన్ బండివి గదా. ఆ బండేదీ?"

"నిన్ననే ఇచ్చి పంపించినా మామా. వేరే బోల్టులు ఏసినా."

మామ మా డబ్బాలోంచి ఒక నట్టు తీసి, ఆ బోల్టు మీద వేళ్ళతో తిప్పాడు. మూడు చుట్లు పోయి ఆగింది. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. మా సామానంతా ఇంగ్లీషు అంగుళాలది. జపాన్ వాడిది మిల్లీమీటర్లది. పైకి ఒక్కటిగా కనిపిస్తాయి, లోపల మరలు, అంటే ఆ సన్నని గాడులు, కలవవు.

"నువ్వేసినవి చివరిదాకా యేళ్ళతో పొయ్యినాయా?"

"లేదు మామా. స్పానరుతో లాగినా."

"లోపల మర కోసుకోని పొయ్యుంటాది. ఎంత దూరం నిలస్తాదో ఏమో. వాడు ఏడికి పోతా ఉండాడు?"

మహాబలిపురం అని చేత్తో దక్షిణం చూపించాను. వీధి చివర సేటు కొట్లో ఫోను ఉంటే పరుగెత్తాను. అవతల జపానాయన వంటవాడు ఎత్తి, వాళ్ళు బయల్దేరి అరగంట దాటిందన్నాడు. తిరిగొచ్చేసరికి మామ రిపేరుకొచ్చిన ఒక పాత మిలిటరీ జీపులో ఎక్కి కూర్చున్నాడు. పండుగ పట్టుపంచె, ఒళ్ళో జపాన్ పనిముట్ల సంచీ, గుప్పిట్లో కుంకుమ బోల్టులు. ఆ జీపుకు హారను లేదు. దాన్ని బాగుచెయ్యడానికే మా దగ్గరికి పంపారు.

మౌంటు రోడ్డు ఎలా దాటానో తెలియదు. సైదాపేట వంతెన మీద ఎడ్లబండిని రాసుకుంటూ పోయాను. రోడ్డు పక్క గుంపు కనిపించిన ప్రతిచోటా అది వాడి చుట్టూ చేరిన గుంపే అనిపించేది. పొద్దున కాఫీ ఇస్తూ మా ఆవిడ, తమ్ముడు రాత్రి పండుగ భోజనానికి వస్తాడు, వాడికిష్టమని వడలకు పప్పు నానబోశానంది. ఆ పప్పే కళ్ళ ముందు కనిపిస్తోంది. మామ గుప్పిట్లో బోల్టులను లెక్కపెడుతూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తాంబరం దాటాక రైల్వే గేటు పడి ఉంది. పట్టాలకు అవతల, దూరంగా, నల్లని కారు వెనుక భాగం కనిపించింది. గొంతు చించుకుని అరిచాను. గూడ్సు బండి అడ్డం వచ్చింది, తాపీగా, ఎవరి కొంపలు మునిగినా నాకేంటన్నట్టు. అది పోయేసరికి రోడ్డు మీద కారు లేదు. గేటు పూర్తిగా లేవకముందే జీపును కిందనుంచి దూర్చాను.

అప్పట్లో మహాబలిపురానికి చెంగల్పట్టు మీదుగానే దారి; చెంగల్పట్టు చెరువు కట్ట ఇంకా మైలు దూరం ఉందనగా అందుకున్నాం. హారను లేదు. మామ కదిలే జీపులో నిలబడి పైపంచె తీసి ఊపాడు. బావమరిది అద్దంలో మమ్మల్ని చూశాడు. పండుగ సరదాకు పందెం వేస్తున్నామనుకున్నాడు వెధవ, నవ్వుతూ చెయ్యి ఊపి ఇంకా వేగం పెంచాడు. ఆ కట్ట మీద మలుపుంది, మలుపు కింద నిండు చెరువుంది. "ఆపరా, కొడకా!" అని మామ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. వెనక సీట్లో జపానాయన తిరిగి చూసి, వాడి భుజం పట్టుకుని ఆపించాడు.

మామ పట్టుపంచెతోనే దుమ్ములో పడుకుని కారు కిందికి దూరాడు. ఒక బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ కన్నం. రెండోది వేళ్ళతో పట్టుకోగానే ఊడి వచ్చింది. మూడోది సగం బయటికొచ్చి, ఎలాగో పట్టుకుని ఉంది.

"సైదాపేటలో టిఫినుకని అరగంట నిలబడి బయల్దేరినప్పటి నుంచీ స్టీరింగు ఆడతానే ఉండాది నాయినా. జపాన్ బండి గదా, ఇంతేలే అనుకున్నా" అన్నాడు బావమరిది.

మామ ఊడొచ్చిన బోల్టును నా చేతిలో పెట్టాడు. జపాన్ సంచీలోని స్పానరు తీసుకుని, కుంకుమ అంటిన బోల్టులను ఒక్కొక్కటే వేళ్ళతో తిప్పి, ఆఖరున బిగించాడు. కన్నాలు పైన కోసుకుపోయినా లోపలి మర మిగిలి ఉంది. నిదానంగా తిరిగి ఊరు చేరడానికి అది చాలు. ఆయన లేచి దుమ్ము దులుపుకుంటుంటే జపానాయన ముందుకొచ్చాడు. చేతులు తొడలకు ఆనించి, నడుం వంచి, తన డ్రైవరు ముందు తల దించాడు. ఆయన భార్య కూడా ఆయన పక్కనే వంగింది. మా దేశపు బండి నీ ప్రాణం మీదికి తెచ్చింది, మమ్మల్ని క్షమించు, అన్నాడు. ఊడినవి తమ కంపెనీ బోల్టులే అనుకుని, వాటి లోపం కనిపెట్టి మేం వెంటబడ్డామనుకున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఊడొచ్చిన బోల్టును చొక్కా జేబులో వేసుకున్నాను. మామ నా వంక చూశాడు. ఆయనా చెప్పలేదు. ముప్పై ఏళ్ళ షెడ్డు పేరు ఆయనకు కూడా అడ్డం వచ్చిందని తర్వాత నాకు అర్థమైంది.

ఇక చూడాలి, ఆ కారు ఎంత అప్రతిష్ఠ మోసిందో! బావమరిది టీకొట్టు టీకొట్టుకూ చెప్పాడు. ఆ కథ సౌకార్‌పేట చేరేసరికి స్టీరింగు ఊడి వాడి చేతికొచ్చేసింది. షెడ్డుకు ఎవరొచ్చినా ఆ కథే అడిగేవాళ్ళు. వాడు చెప్పి నవ్వేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ బోల్టు మాత్రం నా చొక్కా జేబులోనే ఉండేది. పారేద్దామని రెండుసార్లు హార్బరు దాకా వెళ్ళి, తిరిగి తెచ్చుకున్నాను.

మూడు నెలలకు జపానాయన షెడ్డుకు వచ్చాడు. కంపెనీకి తను రాసిన ఉత్తరానికి జవాబు వచ్చిందట. చిన్న పెట్టె తెరిచాడు. నూనె కాగితంలో విడివిడిగా చుట్టిన మూడు కొత్త బోల్టులు ఉన్నాయి. ఉత్తరం చదివి వినిపించాడు. డ్రైవరుగారికి కలిగిన అపాయానికి సిగ్గుపడుతున్నాం, ఊడిన బోల్టును దయచేసి మాకు పంపండి, మా తప్పు ఎక్కడుందో చూసుకుంటాం, అని రాశారు.

డ్రైవరుగారు అన్నందుకు బావమరిది మురిసిపోయాడు. మామ గోడ వైపు చూస్తూ, "ఇచ్చెయ్యి" అన్నాడు. ఆయనకు నా జేబు సంగతి ముందే తెలుసన్నమాట.

బోల్టు తీసి ఆ పెట్టెలో పెట్టాను. ఇది మీ కంపెనీది కాదు సార్, నాది, తప్పు నాదే, అని వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. జపానాయన దాన్ని కొత్త బోల్టు పక్కన పెట్టి, మరల మీద గోరు నడిపి చూశాడు. కోప్పడలేదు. మా బోల్టును ఆ నూనె కాగితంలోనే జాగ్రత్తగా చుట్టాడు. "ఇదీ పంపాలి. వాళ్ళు వెతుకుతూ ఉంటారు" అన్నాడు.

ఆయన వెళ్ళి కారులో కూర్చున్నాడు. బావమరిది మాత్రం కదలకుండా నన్నే చూస్తున్నాడు. వాడు కొడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"ఇన్ని దినాలూ ఆ బండిని నేను తిడతా ఉంటే, నువ్వు నా పక్కనే నిలబడి నవ్వినావు గదా బావా" అన్నాడు, అని వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు.