ఇంకో గుప్పెడు ఉప్పు

నేను తిండి గురించి, ఆటల గురించి రాస్తాను. పల్నాడులో మేం చిన్నప్పుడు తిన్న జొన్నన్నం, సజ్జ బూరెలు, ఎండాకాలం అరుగుల మీద ఆడిన అష్టాచెమ్మా, వామనగుంటలు, కోసేసిన చేలల్లో మగపిల్లలు ఆడిన చెడుగుడు, ఇవన్నీ కలిపి ఒక పుస్తకం వేశాను. చదివినవాళ్ళు ఫోన్ చేసి ఒకటే మాట అంటారు, నోరూరిందమ్మా అని. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేమీ లేదు. మా పెద్దక్క సంగతి వాళ్ళకేం తెలుసు.

నరసరావుపేటలో అక్కదీ నాదీ ఒకటే వీధి, ఎదురెదురు ఇళ్ళు. పండుమిరపకాయల రోజుల్లో అక్క రానిదే మా వీధిలో జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టరు. కాయలు, ఉప్పు, చింతపండు తొక్కి ఊరబెట్టి, మూడోనాడు తిరగదంచేటప్పుడు ఉప్పు చూడటానికి ఆమెను పిలుస్తారు. పీట వేసి కూర్చోబెడతారు. అక్క అరచేతిలో కాస్త పచ్చడి వేయించుకుని, నాలిక కొసన పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. మామూలప్పుడు వీధి అదిరిపోయేలా అరిచే ఆడవాళ్ళు కూడా ఆ కాసేపు నోరెత్తరు. “ఇంకో గుప్పెడు పడుద్ది” అంటుంది అక్క. ఆ గుప్పెడు ఆమె కళ్ళముందే వేసి కలపాలి. అది పద్ధతి. నిజానికి ఆమె ఎలాగూ చెబుతుందని, ఎక్కువైతే తీయలేమని, అందరూ ముందే కాస్త తక్కువ వేసి ఉంచుతారు.

బావ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఎవరింట్లో శుభకార్యమైనా అక్క తనంతట తానే వెనక వరసలోకి పోయి కూర్చుంటుంది. పచ్చళ్ళ రోజుల్లో మాత్రం నడివాకిట్లో పీట ఆమెదే. ఏడాదిలో ఆమె నవ్వుతూ కనిపించేది ఆ కొద్దిరోజులే.

ముందటేడు వానాకాలం ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక చూస్తే నాలిక్కి రుచి పోయింది. ఉప్పు లేదు, పులుపు లేదు, ఆవకాయ తిన్నా అటుకులు తిన్నా ఒకటే. గుంటూరు తీసుకెళ్ళాను. డాక్టరు లైటు వేసి చూసి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఈ ముక్క చెప్పించుకోవడానికి ఇంత దూరం రావాలా అని బస్సులో నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ అంది.

“వీధిలో ఎవరికీ చెప్పమాకే. తెలిస్తే ఇంక పిలవరు.”

నేను చెప్పలేదు. కానీ ఒకరోజు అక్క ఉప్పు వేయని పప్పుచారు పక్కింటి పిన్నికి గిన్నెడు పంపింది. పొద్దుగూకేసరికి వీధంతా తెలిసిపోయింది. తెలిసినట్టు మాత్రం ఎవరూ బయటపడలేదు.

మిరపకాయలు దిగాయి. పాపం ఆమెను ఇబ్బంది పెట్టకూడదని, ఉప్పు ముందే సరిగ్గా వేసి ఉంచితే ఆమె సరిపోయిందంటుందని, ఎవరికి వాళ్ళు అనుకుని ఇంటింటా నిండుగా వేసేశారు. మొదట పిన్ని పిలిచింది. నేనూ వెంట వెళ్ళాను. అక్క పీట మీద కూర్చుని, నాలిక కొసన పచ్చడి పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. తెరిచి, ఏటా అనే మాటే అంది.

“ఇంకో గుప్పెడు పడుద్ది.”

పిన్ని నా మొహం చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. పిన్ని ఉప్పు తీసి జాడీలో వేసి కలిపింది. తర్వాతి ఇంట్లోనూ అంతే, ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. ఒక్కరూ కాదనలేదు.

“చెప్పకపోయావా పిన్నీ?” అన్నాను మర్నాడు.

“నువ్వు చెప్పకపోయావా? పీట మీద కూర్చోబెట్టిన మనిషి మొకాన ఎట్టా అంటామే? నీ పుస్తకంలో ఉంటే చూసి చెప్పు, జాడీ బాగుచేసుకుంటాం.”

ఆ ఏడు వీధి వీధంతా ఉప్పెక్కి చేదైన పచ్చడి తిన్నది. నెయ్యి ఎక్కువ పోసుకున్నారు, పెరుగు కలుపుకున్నారు, చెంబులకు చెంబులు నీళ్ళు తాగారు. పడేస్తే అక్క కంటపడుతుందని ఎవరూ పడేయను కూడా లేదు. నాకు వాళ్ళ మీద ప్రేమ, కోపం రెండూ ఒక్కసారే వచ్చేవి.

ఒక మధ్యాహ్నం అక్క నా పుస్తకం పట్టుకుని వచ్చింది.

“పండుమిరప పచ్చడి గురించి రాశావంట గదా. చదువు. అందరికీ నోరూరిద్దంట, నాకూ ఊరిద్దేమో చూద్దాం.”

నవ్వుతూనే అంది కానీ, ఆశతో వచ్చిందని తెలుస్తూనే ఉంది. చదివాను. రోట్లో కాయలు నలిగే ఘాటు, తుమ్ములు, వేడన్నంలో నెయ్యి, ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళల్లో తిరిగే నీళ్ళు, అన్నీ రాసే ఉన్నాను. అక్క కళ్ళు మూసుకుంది. పెదాల వెనక నాలిక కదిలింది. అంత భయంగా నేను ఏనాడూ ఏదీ చదవలేదు. ఒక్క చుక్క ఊరితే చాలు దేవుడా అనుకున్నాను.

“ఇంకోసారి చదువు” అంది. మళ్ళీ చదివాను.

“బాగానే రాశావే. నాకేం తగల్లా.”

పుస్తకం మూసి పక్కన పెట్టాను. అక్కే మళ్ళీ అడిగింది.

“ఈ ఏడు పచ్చళ్ళు ఎట్టా వచ్చినయ్?”

“బాగున్నయక్కా.”

“పిన్ని ఉప్పేసేటప్పుడు నీ మొకం చూసింది. నా నాలికే పోయింది, కళ్ళు పోలా.”

“మరి తెలిసీ మిగతా ఇళ్ళల్లో కూడా అదే ఎందుకన్నావక్కా?”

“ఇంకేం అనాలో తెలవలేదే” అంది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. “వచ్చే ఏడు నన్ను పిలవొద్దని నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పుకోలేను.”

సరేనన్నాను. ఏడు తిరిగింది. మందులు వాడుతూనే ఉంది, రుచి రాలేదు. నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే బజారు నిండా పండుమిరపకాయలు దిగాయి. నిన్న పొద్దున పిన్ని తన గేటు దగ్గర నిలబడి కేకేసింది.

“ఏమే, ఇయ్యాల తిరగదంచుతున్నాం. అక్క వచ్చిద్దా?”

అక్క తన గుమ్మంలోనే ఉంది. తలంటుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుంది. పిన్ని వైపు చూడటం లేదు, నా వైపే చూస్తోంది. పిలవొద్దని చెప్పడానికే నోరు తెరిచాను.

“వచ్చిద్ది పిన్నీ” అన్నాను.